తెల్ల టేపు

“హామిష్ నోస్కే మొదటి పదిమందిలో పోతాడు. నా మాట రాసి పెట్టుకో,” అన్నాడు మెర్వ్ టల్లీ, రొట్టెముక్క సూపులో ముంచుతూ.

“పదిమందిలో కాదు, ఇరవైలో,” అంది షిర్ల్ బారు వెనకనుంచి, గ్లాసు తుడుస్తూ. “పొడుగుంది, చేతులున్నాయి. ఎడమకాలు మాత్రం కర్రముక్కే. దాంతో బంతిని తంతే గోధుమచేలో పడుతుంది.”

“కుడికాలు అలా ఉన్నవాడికి ఎడమకాలితో పనేంటే? నీ జట్టువాళ్ళు పోయినేడు ఏం చేశారు? ఆ కెలహర్ గాడి కోసం చేతికొచ్చిన మొదటి వంతు పోగొట్టుకున్నారు. వాడేమో వచ్చినప్పటినుంచి మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.”

“నా జట్టు జోలికి రాకు మెర్వ్. నీ బీరులో నీళ్ళు పోస్తాను.”

“పొయ్యట్లేదనా ఇప్పుడు?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. గురువారం, బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే వాళ్ళ ఫుట్‌బాల్ ప్రాక్టీసయ్యాక, కరాబిల్ క్లబ్బు హాల్లో ఊరంతా కలిసే తింటుంది. తినేది తక్కువ, తేల్చేది ఎక్కువ. ఏ ఆటగాడు ఊపులో ఉన్నాడు, ఎవడు చల్లబడ్డాడు, ఏ క్లబ్బు ఎవణ్ణిచ్చి ఎవణ్ణి తెచ్చుకోవాలి, అన్నీ అక్కడే తేలిపోవాలి. నవంబర్లో పెద్ద క్లబ్బులు డ్రాఫ్ట్ రోజున వంతులవారీగా కుర్రాళ్ళని ఏరుకుంటాయి. ఈ ఏడు కరాబిల్‌కి ఆ ఆశ ఉంది. అందుకని ఫైనల్ రాకముందే హాలు వేడెక్కిపోయింది.

కెరిన్ వంటగది కిటికీ దగ్గర నిలబడి గుమ్మడికాయ సూపు వడ్డిస్తోంది. చేతులు గరిటె మీద ఉన్నాయి, చెవులు మెర్వ్ బల్ల మీద ఉన్నాయి. తన కొడుకు పేరు ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తోంది. ఎత్తకపోతే బాధ. ఎత్తి ఏమంటారోనని భయం. ఆ రెంటి మధ్యా సూపు ఒలికి వేళ్ళు కాలాయి.

చివరికి షిర్ల్ అడిగింది. “మరి బ్రోడీ సంగతో?”

“బ్రోడీయా?” మెర్వ్ మూతి తుడుచుకున్నాడు. “మంచి పిల్లాడు.”

అంతే. మళ్ళీ హామిష్ ఎత్తు దగ్గరికి పోయారు.

మంచి పిల్లాడు! ఈ హాల్లో ఆ మాటకి అర్థం కెరిన్‌కి తెలుసు. ఆటలో ఏమీ కనపడనప్పుడు అనే మాట అది. వీళ్ళకి కళ్ళు లేవా అనుకుంది. హామిష్ గాల్లోకి లేచి బంతి పట్టినప్పుడల్లా కింద ఎవరున్నారో ఒక్కడూ చూడడు. అవతలివాడు మీదకి రాకుండా తన ఒళ్ళు అడ్డం పెట్టేది బ్రోడీ. దెబ్బ బ్రోడీకి, చప్పట్లు హామిష్‌కి. ఆ చప్పట్లు విన్నప్పుడల్లా ఆమె తన చేతులు జేబుల్లో పెట్టుకుంటుంది.

హామిష్ తల్లి మార్నీ రొట్టెల పళ్ళెం పట్టుకుని పక్కకొచ్చింది. మార్నీకి దేనికీ కంగారుండదు. కొడుకు కిందపడితే కెరిన్ కళ్ళు మూసుకుంటుంది. మార్నీ మాత్రం పొద్దుతిరుగుడు గింజలు నములుతూ “లేస్తాడులే” అంటుంది. లేస్తాడు కూడా. అదే కెరిన్‌కి మింగుడు పడదు. ఇన్నేళ్ళ స్నేహం, ఒకరి వంటగదిలో ఒకరు చనువుగా తిరిగే స్నేహం, అయినా మింగుడు పడదు.

“శనివారం కుర్రాళ్ళని చూసిపోయే ఆ స్కౌట్ వస్తున్నాడటే,” అంది మార్నీ. “వేల్ అని, మెల్బోర్న్ క్లబ్బు వాడు. నిన్న హామిష్‌కి ఫోన్ చేశాడు. బ్రోడీకి చెయ్యలేదా?”

“లేదు.”

“చేస్తాడులే.”

ఆ ‘లే’ కెరిన్‌కి ఇంటికెళ్ళేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

మెర్వ్ ఈ మాట విన్నాడు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషికి వినపడని మాట ఆ ఊళ్ళో లేదు. “నాకూ చేశాడు!” అని కేకేశాడు. “ఆట వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసుకుంటారు. కుర్రాడు ఎలాంటివాడు, పక్కవాడితో ఎలా ఉంటాడు, అది మాత్రం నన్నడగాల్సిందే. శనివారం చూసి, వచ్చే శుక్రవారం మళ్ళీ మాట్లాడతానన్నాడు. నేను వద్దంటే వద్దు.”

“దేవుడు మన పిల్లల్ని కాపాడుగాక,” అంది షిర్ల్.

*

శనివారం పొద్దుటినుంచి ఉత్తరపు గాలి. ఎండిన నేల మీదినుంచి ఎర్రదుమ్ము లేచి గోల్ స్తంభాలు మసకగా కనపడుతున్నాయి. ఆటగాళ్ళ గదిలో నొప్పుల మందు వాసన, కొత్త టేపు చింపే చప్పుడు. క్లబ్బులో కట్లు కట్టే పని కెరిన్‌ది. ఆ పనికి పట్నంలో శిక్షణ తీసుకుని వచ్చింది. ప్రతి కుర్రాడి కాలిమడమా ఆమె ఒళ్ళో పడుతుంది. ముందు మెత్తటి పట్టీ, దానిమీద గట్టి టేపు, మడమ కిందనుంచి పైకి, మళ్ళీ చుట్టి వెనక్కి, ముడత లేకుండా. ముడత పడితే పొక్కు, పొక్కు పగిలితే చీము, చీము పడితే… కెరిన్ ఆలోచన ఎప్పుడూ ఆసుపత్రిలో గానీ ఆగదు. అందుకే ఆమె కట్టు ఎప్పుడూ ఊడదు.

బ్రోడీ మడమలు ముందే కట్టేసింది. వాడు ఎదురు బెంచీ మీద బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. హామిష్ చొక్కా విప్పి ఆమె ముందు కూర్చున్నాడు.

వాడి కుడిభుజం చలికాలంలో ప్రాక్టీసులో ఒకసారి జారింది. ఆ సంగతి కోచ్‌కీ, ఇద్దరు తల్లులకీ, ఇద్దరు కుర్రాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. వారం వారం కెరిన్ చర్మం రంగు టేపుతో కడుతుంది. పదడుగుల దూరంనుంచి చూస్తే కట్టున్నట్టే తెలియదు. తెలియకూడదు కూడా.

“నీ చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి కెరిన్,” అన్నాడు హామిష్. “నాకంటే నువ్వే భయపడుతున్నట్టున్నావు.”

“కదలకు.”

“వేల్ వచ్చాడట. తెల్ల వ్యాను పక్కన, టోపీ పెట్టుకుని ఉన్నాడు. అమ్మ అప్పుడే వాడికి కేకు పెట్టింది.”

కేకు కూడా పెట్టేసింది! కెరిన్ పెట్టెలో చెయ్యి పెట్టింది. చర్మం రంగు చుట్ట చేతికి తగిలింది. దాని పక్కనే తెల్లది, వెడల్పుది. చెయ్యి ఒక్క క్షణం ఆ రెంటి మధ్యా ఆగింది. తెల్లది పైకొచ్చింది.

చింపుతూ తనకి తానే చెప్పుకుంది. ఇది వెడల్పుగా ఉంటుంది, బాగా పడుతుంది. ఐనా ఎన్నాళ్ళు దాస్తారు? రేపు పెద్ద క్లబ్బుకి వెళ్ళాక కొండల్లాంటి మనుషులు మీద పడితే భుజం ఊడొస్తే? నరం తెగితే? చెయ్యే పనికిరాకుండా పోతే? ముందే ఎవరో చూడ్డం మంచిది కదా. తల్లిలాంటిదాన్ని, నాకు ఆపాటి ఆలోచన ఉండొద్దా? ఇలా చెప్పుకుంటూ భుజం మీదినుంచి మెడ దాకా, చేతులు లేని బనీను ఎక్కడా దాచలేని చోటుదాకా, తెల్లగా, వరస మీద వరస వేసింది.

హామిష్ అద్దంలో చూసుకున్నాడు. “తెల్లదా?”

“ఇదే గట్టిగా ఉంటుంది.”

“సరే,” అన్నాడు వాడు. ఆమె మాట ఎన్నడూ కాదనలేదు. బనీను తగిలించుకుని లేచాడు.

కెరిన్ తలెత్తింది. బ్రోడీ తాడు ముడి వెయ్యడం ఆపి చూస్తున్నాడు. హామిష్ మెడ వంక చూశాడు. తెరిచున్న పెట్టె వంక చూశాడు. తరవాత తల్లి వంక చూశాడు. ఆ పైన వంగి ముడి వేసుకున్నాడు.

*

ఎన్ని చెడ్డలు ఊహించే మనిషో కెరిన్, ఈ ఒక్కటి మాత్రం ఊహకి రాలేదు. తెల్ల వ్యాను పక్కనున్న టోపీ మనిషి చూడాలనే ఆలోచించింది. ఎదుటి జట్టుకీ కళ్ళుంటాయని మరిచిపోయింది.

ఆట మొదలై బంతి ఇంకా హామిష్ దాకా రాలేదు. డున్‌వారా జట్టు వెనకవరసలో ఉండే గడ్డం మనిషి వచ్చి మోచెయ్యి తెల్ల కట్టు మీద పెట్టి నొక్కాడు. “తెల్లది చూసుకోండ్రా!” అని తనవాళ్ళకి కేకేశాడు. “తెల్లదాని మీద పడండి!” కట్టున్న చోట కొట్టడం ఆ ఆటలో ఎవరూ నేర్పక్కర్లేని విద్య. కెరిన్ నీళ్ళసీసాలు పట్టుకుని గీత పక్కన నిలబడిపోయింది.

రెండోసారి ఇంకొకడు పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దాడు. హామిష్ పళ్ళు బిగబట్టి లేచాడు. మూడోసారి గుద్దడానికొచ్చినవాడికి హామిష్ దొరకలేదు, మధ్యలో బ్రోడీ దొరికాడు. పక్కటెముకల మీద దెబ్బ పడిన చప్పుడు గీత దాకా వినపడింది.

అక్కడినుంచి బ్రోడీ తను కాపలా కాయాల్సిన ఎదుటి జట్టు మనిషిని వదిలేశాడు. హామిష్ ఎటు పోతే అటు. వాడు ఎగిరితే కింద, వాడు పరిగెత్తితే కుడిపక్కన, తెల్ల కట్టున్న వైపున. బంతి వంక చూడనే లేదు. వదిలేసినవాడు ఖాళీగా తిరిగి ఒక గోల్ కొట్టాడు, కాసేపటికి ఇంకోటి కొట్టాడు.

“బ్రోడీ! నీ మనిషేడిరా?” మెర్వ్ కంచెమీద వాలి గొంతు చించుకుంటున్నాడు. “ఒరే, పెళ్ళికొచ్చావా, ఆటకొచ్చావా? తోడి పెళ్ళికొడుకులా వాడి వెనక తిరుగుతావేంట్రా!”

మైదానం చుట్టూ నిలిపిన కార్లలోంచి నవ్వులు. తెల్ల వ్యాను పక్కన టోపీ మనిషి దుర్భిణి దించి ఏదో అడిగాడు. పక్కనున్నవాడు భుజాలెగరేశాడు.

సగం ఆటయ్యాక కోచ్ నారింజ ముక్కల పళ్ళెం మీదినుంచే అరిచాడు. “నీ మనిషికి నువ్వు కాపలా ఉండాలా, లేక నేను దిగనా? ఎవరు చెప్పారు నీకు అక్కడికి పొమ్మని?”

“ఎవరూ చెప్పలేదు కోచ్,” అన్నాడు బ్రోడీ. నారింజ తొక్క పళ్ళమధ్య పెట్టుకుని నమిలాడు. తల్లి సీసా అందిస్తే తీసుకున్నాడు, మొహం చూడలేదు.

చివరికి కరాబిలే గెలిచింది. హామిష్ ఇద్దరి మీదినుంచి లేచి, గాల్లో బంతిని పట్టి, కుడికాలితో స్తంభాల మధ్యకి పంపాడు. కార్లన్నీ హారన్లు మోగించాయి. మనుషులు కంచె దూకి వాడి మీద పడబోతే, ఆ గుంపులో కూడా బ్రోడీ వాడి కుడిపక్కనే ఉండి మోచేతులు అడ్డం పెట్టాడు.

గదిలో కెరిన్ కత్తెరతో కట్టు కోసింది. కింద చర్మం కందిపోయి ఉంది గానీ భుజం దాని చోట అది ఉంది. తలుపు దగ్గర మార్నీ, ఆమె వెనక వేల్.

“అంత కట్టుతోనూ, వాళ్ళు అలా పడి కొడుతున్నా ఆడాడంటే!” అంటున్నాడు వేల్. “భుజాలదేముందమ్మా, మా డాక్టర్లున్నారు. ఈ గుండె ఎక్కడ దొరుకుతుంది?”

మార్నీ వచ్చి కెరిన్‌ని గట్టిగా పట్టుకుంది. “నీ కట్టే నా కొడుకుని నిలబెట్టిందే,” అంది చెవిలో. ఆమె జుట్టులోంచి కేకు వాసన.

కెరిన్‌కి ఆ కౌగిట్లో ఊపిరాడలేదు. తను కిందికి లాగబోతే వాడు ఇంకా పైకి పోయాడు. దానికి తనే మెట్టు వేసింది. అలాంటప్పుడు కూడా, ఆ సిగ్గులో కూడా, ఆమెకి అనిపించిన మొదటి మాట ఇది: వేల్ బ్రోడీ గురించి ఒక్క ముక్కైనా అన్నాడా?

ఇంటికి పోయేటప్పుడు కారు ఆమే నడిపింది. బ్రోడీ కిటికీవైపు ఒరిగి కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఒక పక్కన పట్టుకుంటున్నాడు.

“చూడనీరా ఒకసారి. ఎముక గానీ చిట్లిందేమో. లోపల రక్తం గానీ…”

“ఏం లేదమ్మా.”

“ఏం లేదని నీకెలా తెలుసు?”

ధాన్యం గిడ్డంగులు దాటాయి, రైలుపట్టాలు దాటాయి.

“వచ్చే వారం హామిష్‌కి నేను కడతాను,” అన్నాడు. “ఎలాగో నాకు చూపించు చాలు.”

ఆమె సరేనంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయమేసింది.

*

మళ్ళీ గురువారం. ఫైనల్ వారం కాబట్టి హాలు కిక్కిరిసింది. గోడమీది టీవీలో సూట్లు వేసుకున్న నలుగురు ఎవణ్ణి ఏ క్లబ్బు కొనుక్కోవాలో వాదించుకుంటున్నారు, కింద మెర్వ్ వాళ్ళని సరిదిద్దుతున్నాడు. కెరిన్ మాంసం పులుసు వడ్డిస్తోంది. బ్రోడీ, హామిష్ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. మార్నీ వాళ్ళ వెనక నిలబడి పళ్ళేలు ఎత్తుతోంది.

“ఇప్పుడు మొదటి అయిదుగురిలో!” అన్నాడు మెర్వ్. “షిర్ల్, ఒప్పుకో.”

“ఒప్పుకుంటా. కానీ ఆ ఎడమకాలు…”

“ఎడమకాలు నీ నెత్తిన పెట్ట! అది సరే గానీ, నాకు ఇప్పటికీ మండుతున్నది ఒకటుంది.” మెర్వ్ గొంతు పెద్దది చేశాడు. “ఆ తెల్ల టేపు ఎవరి తెలివి? ఇన్నాళ్ళు దాచి, సరిగ్గా ఆ రోజే పిల్లాడి భుజానికి సున్నం కొట్టినట్టు కొడతారా? ఇక్కడ గుద్దండి బాబూ అని బోర్డు పెట్టినట్టు! చెయ్యి ఊడి ఉంటే ఎవరు చెప్పుకునేవాళ్ళు?”

హాల్లో తలలన్నీ మెల్లగా వంటగది కిటికీవైపు తిరిగాయి. కట్లు కట్టేది ఎవరో అందరికీ తెలుసు. మార్నీ కూడా చేతిలో పళ్ళేలతో తిరిగింది. ఆ మొహంలో అనుమానం లేదు. కెరిన్ ఏదో కారణం చెబుతుంది, విందామన్నట్టు చూస్తోందంతే.

కెరిన్ నోరు తెరిచింది.

“నా వల్ల,” అన్నాడు బ్రోడీ.

ఫోర్కు కింద పెట్టాడు. “చర్మం రంగుది కొంచమే మిగిలింది. అది నా మడమలకి కట్టించుకున్నాను. వాడికి తెల్లదే మిగిలింది.”

“నువ్వా?” అన్నాడు మెర్వ్. “ఊడిపోయే భుజాన్ని వదిలేసి, బాగున్న నీ మడమలకా?”

“ఆఁ.”

“అందుకా ఆ రోజంతా వాడి వెనక తిరిగావు? తప్పు చేసి కప్పుకోడానికా? మంచి పిల్లాడనుకున్నాన్రా నిన్ను! ఊరంతా అదే చెప్పుకుంటూ తిరిగాను. రేపు ఆ వేల్ ఫోన్ చేసి, బ్రోడీ ఎలాంటివాడు మెర్వ్ అంటే నేనేం చెప్పను? తోటివాడి కట్టు లాక్కునే రకమని చెప్పనా?”

“నీ ఇష్టం మెర్వ్.”

హామిష్ ఏదో అనబోయాడు. బ్రోడీ బల్ల కింద కాలితో తన్నాడు. మార్నీ పళ్ళేలు బల్లమీద పెట్టేసింది. “నువ్వా బ్రోడీ?” అంది నెమ్మదిగా. కొట్టినట్టయింది ఆ గొంతు. ఆ పిల్లాడికి చిన్నప్పటినుంచి తన ఇంట్లో హామిష్‌తోపాటు అన్నం పెట్టిన మనిషి. బ్రోడీ మెడ ఎర్రబడింది. వాడు తల వంచుకుని తినసాగాడు. ఒకవైపు పక్కటెముకలు నొక్కిపట్టుకుని తింటున్నాడు.

కెరిన్ చూస్తూ నిలబడింది. వాడు అచ్చం మైదానంలో నిలబడ్డట్టే ఉన్నాడు. దెబ్బ వచ్చే వైపు ఒళ్ళు తిప్పి, వెనకున్న మనిషి కనపడకుండా. ఈసారి ఆ వెనకున్నది తను.

“ఉంది,” అంది. “చర్మం రంగుది ఉంది.”

ఎవరికీ వినపడలేదు. మెర్వ్ అప్పటికే ఇంకో మాటలో పడ్డాడు, కుర్రాడి గుణం పైకి తెలియదనీ, కెలహర్ విషయంలోనూ ఇలాగే మోసపోయారనీ చెబుతున్నాడు. షిర్ల్ అడ్డం తగులుతోంది. టీవీలో సూట్లవాళ్ళు నవ్వుతున్నారు. మాట ముగిసిపోయింది, మరకొకటి బ్రోడీ మీద ఉండిపోయింది. రేపు పొద్దున్న అది ఫోన్లో మెల్బోర్న్ పోతుంది. అక్కడో మనిషి వింటాడు, సరే అంటాడు, ఇంకో కుర్రాడి పేరు దగ్గరికి వెళ్ళిపోతాడు. ఊరుకుంటే చాలు. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలు, అంతా అలా జరిగిపోతుంది.

బ్రోడీకి మాత్రం వినపడింది. తలెత్తి, వద్దన్నట్టు చిన్నగా ఊపాడు.

కెరిన్ గరిటె గిన్నెలో వదిలేసింది. ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వంటగది తలుపు తోసుకుని వచ్చింది. బల్లల మధ్యనుంచి నడిచింది. కొడుకు చెయ్యి చాచి ఆపబోతే ఆ చేతిని తప్పించుకుని వెళ్ళి, కుర్చీ మీద ఎక్కి టీవీ ఆపేసింది.

“ఏయ్, చూస్తున్నాం కదా!” అన్నాడెవరో.

కుర్చీ దిగి బల్ల అంచు పట్టుకుంది.

“మెర్వ్, ఆ తిట్లు నావి,” అంది. “వాడికెందుకు పెడతావు? చర్మం రంగు టేపు పెట్టెలో నిండు చుట్ట ఉంది, ఇప్పటికీ ఉంది. నేను చేత్తో పట్టుకుని వదిలేశాను. తెల్లదే కావాలని తీశాను. వేల్‌కి కనపడాలని. రేపు ఫోనొస్తే ఇదే చెప్పు.”

మెర్వ్ నోట్లో ముక్క అలాగే ఉంది. హామిష్ చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదకి పోయింది.

మార్నీ దగ్గరికొచ్చింది. బల్ల ఒక్కటే మధ్యన ఉంది. ఎన్నడూ కంగారెరగని ఆ మొహంలో ఇప్పుడు పెదవి కదులుతోంది.

“ఎందుకే?” అంది.

నిజంగా తెలియకే అడుగుతోంది. ఇన్నేళ్ళూ మార్నీకి అది తట్టనే లేదు. కెరిన్ ఆమె కళ్ళలోకి చూసింది.

“కళ్ళు కుట్టి,” అంది. “నీ కొడుకుని చూస్తే నాకు కళ్ళు కుట్టి, మార్నీ.”